తొమ్మిది మందిలో నలుగురే చదువుతున్నారంటే: చిన్న బడి శాతాలను ఎలా చూడాలి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకు సంగతి తెలియాలి కదా. ఆదోని వైపు ఒక ఊరు. ఒకటి నుంచి ఐదు దాకా ప్రాథమిక పాఠశాల. 41 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మూడో తరగతిలో తొమ్మిది మంది ఉంటే రెండో తరగతి పాఠం చదవగలిగింది నలుగురు. పోయిన ఏడాది మూడో తరగతిలో తొమ్మిదికి ఆరుగురు చదివారు. "67 శాతం నుంచి 44కి పడిపోయింది" అని మీటింగులో చెప్పారు. పిల్లల్లో ఎక్కువమంది ఎస్సీ, బోయ కుటుంబాలవాళ్లు. దీపావళి దాటితే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. మీరు ఈ ఏడాదే బడి కమిటీ చైర్‌పర్సన్ అయ్యారు, మీ పాప రెండో తరగతి. తప్పు టీచర్లదా, పిల్లలే అలాంటివాళ్లా, పాపను ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కాన్వెంటుకు మార్చాలా అని అడిగారు.

నేను ఎస్‌జీటీగా (ప్రాథమిక బడి టీచరుగా) చేరి, హెచ్ఎంగా (ప్రధానోపాధ్యాయుడిగా), చివర్లో ఎంఈవోగా (మండల విద్యాధికారిగా) 34 ఏళ్లు ఆ వైపు మండలాల్లోనే పనిచేసి రిటైరయ్యాను. మీలాంటి బడి ఒకటి రెండు కాదు, పదుల కొద్దీ చూశాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండమ్మా.

ముందు ఆ శాతాల సంగతి. తొమ్మిది మంది ఉన్న తరగతిలో ఒక్కో పిల్ల 11 శాతం. ఆరు నాలుగైందంటే ఇద్దరు పిల్లల తేడా. ఒకరికి ఆ రోజు జ్వరం, ఇంకొకరు వారం ముందే వేరే ఊరి బడి నుంచి వచ్చి చేరారు అనుకోండి, కాగితం మీద బడి 22 శాతం పడిపోతుంది. పైగా పోయిన ఏడాది చదివిన ఆరుగురూ ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్నారు. ఈ తొమ్మిది మంది వేరే పిల్లలు. పడిపోవడం అంటే అదే పిల్ల నిన్న చదివి ఇవాళ చదవలేకపోవాలి. అలా జరిగిందని మీకెవరూ చెప్పలేదు.

ఎంఈవోగా ఉన్నప్పుడు పరీక్షలయ్యాక మండలంలోని బళ్లన్నిటినీ మార్కుల వరుసలో పెట్టి పైకి పంపేవాణ్ణి. ఆ జాబితా మొదట్లోనూ చివర్లోనూ చిన్న బళ్లే కనిపించేవి, పాతిక ముప్పై మంది ఉండేవి. రెండొందల మంది ఉన్న బళ్లు ఎప్పుడూ మధ్యలోనే. మరుసటి ఏడాది చూస్తే పైనున్న చిన్న బడి కిందికి, కిందున్నది పైకి. మొదట్లో పైవాళ్లకు శాలువాలు కప్పించాను, కిందివాళ్లకు మెమోలు ఇచ్చాను. రెండూ తప్పేనని నాలుగేళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. టీచర్లు వాళ్లే, పాఠాలు అవే. మారింది ఆ ఏడాది తరగతిలో కూర్చున్న ఏడెనిమిది మంది. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడటం మామూలే. వెయ్యిసార్లు ఎగరేసి ఏడొందల బొమ్మలు ఎవరూ చూసి ఉండరు. చిన్న బడి మార్కుల్లో ఇంత ఊగిసలాట ఎప్పుడూ ఉంటుంది. ఒక్క ఏడాది అంకె పట్టుకుని మెచ్చుకోవడానికీ తిట్టడానికీ లేదు.

ఇంకో మాట. నలుగురు అనగానే మీరు భయపడ్డారు. ప్రథమ్ అనే సంస్థ ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే ఒకటుంది. 2024లో ఆ సర్వే ప్రకారం దేశం మొత్తం మీద గ్రామాల్లోని మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 27.1 శాతం. ప్రభుత్వ బళ్లు మాత్రమే తీసుకుంటే 23.4. కోవిడ్ తర్వాత 2022లో ఇది ఇంకా తక్కువ, ప్రభుత్వ బళ్లలో 16.3. వాళ్ల పరీక్ష వేరు, మీ బళ్లో పెట్టింది వేరు కావచ్చు, కాబట్టి పక్కపక్కన పెట్టి గొప్పలు చెప్పుకోమని అనను. అయిదుగురు చదవలేకపోవడం బాధే. కానీ "మా ఊరి బడి ఒక్కటే చెడిపోయింది" అన్న దిగులు మాత్రం మనసులోంచి తీసేయండి. చిన్న బడి కావడం కూడా మీ ఊరి దోషమేం కాదు. అదే సర్వేలో చూసిన ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో సగానికి పైగా 60 మంది లోపు ఉన్నవే. మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 1.7. పిల్లలే తక్కువ పుడుతున్నారు, ఉన్నవాళ్లలో కొందరు వ్యాన్ ఎక్కుతున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ తొమ్మిది మంది ఎవరు?

కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు మనుషులకు సుగ్గి అంటే ఏంటో చెప్పక్కర్లేదు. మిగతా జిల్లాలవాళ్ల కోసం చెబుతున్నాను. వాన మీద ఆధారపడ్డ ఒక్క పంట ఇంటికి రాగానే కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతలకు గుంటూరు వైపుకో తెలంగాణకో వెళ్తాయి. లారీలు, టెంపోలు రాత్రిపూట వచ్చి ఆగుతాయి. మూటలు, గిన్నెలు, కోళ్లు, పిల్లలు అన్నీ ఎక్కుతాయి. మళ్లీ ఉగాదికి రాక. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. చంటివాణ్ణి చూసుకోవడానికి ఎనిమిదేళ్ల అక్క కావాలి, అందుకని బళ్లో ముందుగా ఖాళీ అయ్యేది ఆడపిల్లల వరసే.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు నడవాలి. దీపావళికి వెళ్లి ఉగాదికి వచ్చే పిల్లకు అందులో సగం దాకా పోతాయి. వచ్చాక ఎండలు, ఒంటిపూట బళ్లు, ఆపైన సెలవులు. జూన్‌లో ఆ పిల్లను మనం మూడో తరగతిలో కూర్చోబెడతాం. రెండేళ్లు బడికి వచ్చినట్టు రికార్డు, ఒక్క ఏడాది కూడా నిండా చదవని పిల్ల.

ఇది రికార్డుల్లో ఎందుకు కనపడదో కూడా తెలుసుకోండి. మీ బడికి 28తో మొదలయ్యే 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, అంటే దేశంలోని బళ్ల వివరాల లెక్కలో మీ బడి నంబరు. పిల్లల సంఖ్య, ఆడా మగా, కులవర్గం, వయసు, వైకల్యం, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు అన్నీ ఆ కోడ్ కింద నమోదవుతాయి. ఆ లెక్కకు చాలా ఏళ్లు ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30. సెప్టెంబరులో మీ ఊళ్లో పిల్లలందరూ ఉంటారు! వేరుశనగ, పత్తి చేలల్లో ఉంటారు, ఆదివారం సంతలో ఉంటారు, బళ్లోనూ ఉంటారు. డిసెంబరులో వచ్చి చూస్తే 41కి ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. ఇప్పుడు పిల్లవాడి వారీగా వివరాలు ఎక్కిస్తున్నారు కాబట్టి కొంత నయం. కానీ బడి మారినప్పుడు పేరు కొత్త బడి లాగిన్‌లోకి వెళ్లక డ్రాప్‌బాక్స్‌లో (ఏ బడిలోనూ లేనట్టు పక్కన పెట్టిన పేర్ల జాబితాలో) ఉండిపోయే పిల్లలు మన వైపు చాలామంది. హెచ్ఎం గారిని అడిగితే మీ బడి డ్రాప్‌బాక్స్‌లో ఎవరెవరు ఉన్నారో చూపిస్తారు. కమిటీ చైర్‌పర్సన్‌గా అది అడగడం మీ పని.

పాత ఏళ్ల లెక్కలు తీసి పోల్చబోతే ఒక జాగ్రత్త. 2022లో వచ్చిన జీవో 117తో చాలా చోట్ల 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లకు కలిపారు. 2025లో ఆ జీవో రద్దయి మళ్లీ కొత్తగా సర్దుబాట్లు జరిగాయి. మధ్య ఏళ్లలో ఏ బడిలోనైనా సంఖ్య ఒక్కసారిగా సగమైతే, ఊరు బడిని వదిలేసిందని అనుకోకండి. ముందు ఆ ఏడాది ఎన్ని తరగతులు అక్కడ ఉన్నాయో చూడండి.

కులం విషయం. మీరు మొహమాటంగా అడిగారు, "ఎక్కువమంది ఎస్సీ పిల్లలు కావడం వల్లేనా" అని. నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక తనిఖీ రిపోర్టు కోసం నేనే "ఎస్సీ కాలనీ పిల్లలకు చదువు మీద ఆసక్తి తక్కువ" అని రాశాను. ఇన్నేళ్లయినా ఆ వాక్యం గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఆ తర్వాత ఒక వేసవిలో పనిలేక పాత హాజరు పట్టీలు ముందేసుకుని, కులం వారీగా కాకుండా హాజరు రోజుల వారీగా పిల్లల పేర్లు మళ్లీ రాసుకున్నాను. ఏడాది పొడుగునా బడికి వచ్చిన పిల్లల్లో, వాళ్లు ఏ వీధివాళ్లైనా, చదవగలిగినవాళ్లే ఎక్కువ. చదవలేనివాళ్ల పేర్ల ఎదురుగా నవంబరు నుంచి మార్చి దాకా ఒకటే గీత. ఎస్సీ కాలనీలో భూమి లేదు కాబట్టి సుగ్గికి ఎక్కువ పోతారు. నేను ఆసక్తి అనుకున్నది భూమి లేకపోవడం. ఆ గీతలు పెట్టింది నా చేతే, అయినా నాకు కనపడలేదు.

అందుకే పిల్లల వివరాల పట్టికను బళ్లో ఎవరున్నారో తెలుసుకోవడానికి వాడండి. ఎవరికి చదువు వస్తుంది, ఎవరికి రాదు అని తేల్చడానికి వాడొద్దు. కులం కాలమ్ పక్కనే ఇంకో నాలుగు సంగతులు రాసుకుంటే అసలు బొమ్మ కనిపిస్తుంది. ఎన్ని రోజులు వచ్చింది, ఇంట్లో ఏ భాష, బళ్లో చేరేనాటికి వయసెంత, ఇంట్లో ఒక్కరికైనా చదవడం వచ్చా.

భాష గురించి ఒక దృశ్యం చెబుతాను. కర్ణాటక సరిహద్దులో ఒక బడి. ఒకటో తరగతి. టీచరు ఇంటి బొమ్మ చూపించి ఇదేంటని అడిగింది. చిన్నపిల్ల గట్టిగా "మనె" అంది. టీచరు తల అడ్డంగా ఊపి "ఇల్లు" అని పలికించింది. పక్కపిల్లలు నవ్వారు. ఆ పిల్ల చెప్పింది తప్పేమీ కాదు, వాళ్లింట్లో మాట్లాడేది కన్నడం. ఆ రోజంతా మళ్లీ నోరు విప్పలేదు. నేను వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాను. తర్వాత నెలకు ఆ పిల్ల "ఇ... ల్లు" అని అక్షరాలు కూడబలుక్కుని చదివింది, టీచరు సంతోషించింది. ఇల్లంటే ఏంటమ్మా అని నేనడిగితే నా మొహం వంక చూసింది. అక్షరం వచ్చింది, మాట రాలేదు. తండాల్లో లంబాడీ పిల్లలదీ, మన్యంలో కోయ, సవర పిల్లలదీ ఇదే బాధ. అందుకే 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతులు మొదలుపెట్టారు. కన్నడ ఇళ్ల పిల్లలకు ఆ బళ్లో అలాంటిదేమీ లేకపోయినా, టీచరుకు పది కన్నడ మాటలు తెలిస్తే చాలు, ఆ పిల్ల నోరు మూసుకోదు. మీ తొమ్మిది మందిలో ఇలాంటివాళ్లు ఉన్నారేమో చూడండి. ఉంటే వాళ్లు చదువులో వెనకబడ్డారని అనకూడదు, రెండు భాషలు మోస్తున్నారు.

వయసు సంగతి చాలామంది పట్టించుకోరు. కాన్వెంటు పిల్ల నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ చదివి ఒకటో తరగతికి వస్తుంది. మన పిల్ల అంగన్‌వాడీ నుంచి ఐదేళ్లకే నేరుగా వస్తుంది, కొన్నిసార్లు అక్క వెంట ఇంకా చిన్నగా ఉన్నప్పుడే వచ్చి కూర్చుంటుంది. ఇద్దరూ "ఒకటో తరగతే". రెండు మూడేళ్ల పలక పట్టిన చేతినీ కొత్త చేతినీ ఒకే పరీక్షతో కొలుస్తున్నాం.

ఇళ్లలో చదువు గురించి ఒక్క లెక్క. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ఆడవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు సుమారు సగం మందే. ఆనాటి ఆడపిల్లలే ఈనాటి తల్లులు. హోంవర్కు ఇచ్చి పంపితే చూసేవాళ్లు లేని ఇల్లు ఊళ్లో ప్రతి వీధిలో ఉంటుంది.

కాన్వెంటు మాటకొస్తాను, మీ అసలు టెన్షన్ అదే కాబట్టి. కాన్వెంటు పిల్లలు బాగా చదువుతున్నారు, నిజమే. కానీ అక్కడికి వెళ్లింది ఎవరు? వ్యాన్ ఫీజు కట్టగలవాళ్లు, సుగ్గికి పోనవసరం లేనివాళ్లు, ఇంట్లో ఒకరైనా పుస్తకం తెరిచి కూర్చోబెట్టేవాళ్లు. చాలా ఇళ్లలో కొడుకు వ్యాన్ ఎక్కుతాడు, కూతురు ఊరి బడికి నడుస్తుంది. అలాంటప్పుడు ఆ మార్కులు బడివా, ఇంటివా?

దీన్ని ఎవరో ఊహించి చెప్పిన మాట కాకుండా మన రాష్ట్రంలోనే పరీక్షించి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008 నుంచి నాలుగేళ్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల్లో 180 ఊళ్లలో చేశారు. ప్రైవేటు బడికి పంపాలని ఆశపడి దరఖాస్తు పెట్టిన ప్రభుత్వ బడి పిల్లల్లో లాటరీ తీసి, పేరు వచ్చినవాళ్లకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. పేరు రానివాళ్లు ఉన్నచోటే చదివారు. లాటరీ కాబట్టి రెండు గుంపుల ఇళ్లూ ఒకలాంటివే. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులకూ తేడా లేదు. ప్రైవేటుకు వెళ్లినవాళ్లు హిందీలో మాత్రం బాగా ముందున్నారు, ఎందుకంటే చాలా ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో హిందీ చెప్పనే చెప్పరు. అంటే మామూలుగా మనకు కనిపించే పెద్ద తేడాలో ఎక్కువ భాగం ఎవరు ఏ బడికి వెళ్లారన్న దాంట్లోంచే వచ్చిందన్నమాట.

అయితే ప్రైవేటు పక్షాన చెప్పాల్సింది కూడా చెప్పాలి. వాళ్లు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయమే ఇచ్చి అదే ఫలితం తెచ్చారు, పిల్లవాడికి అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. కాబట్టి ఆ అధ్యయనం ప్రభుత్వ బడిని మెచ్చుకున్నదీ కాదు. మీ పాప విషయంలో దాన్నుంచి నాకు అర్థమయ్యేది ఒక్కటే. కేవలం బడి మార్చినంత మాత్రాన తెలుగూ లెక్కలూ వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంతసేపూ పిల్లల ఇళ్ల గురించే చెప్పానని, టీచర్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోవద్దు. టీచరు బాధ్యత ఎక్కడుందో స్పష్టంగా చెబుతాను. జూన్ నుంచి అక్టోబరు దాకా రోజూ బడికి వచ్చిన పిల్ల, జూన్‌లో అక్షరాల దగ్గర ఉండి అక్టోబరులోనూ అక్షరాల దగ్గరే ఉంటే, దానికి సుగ్గి కారణం కాదు, కులం కారణం కాదు, తల్లి చదువూ కారణం కాదు. బళ్లో చదువు చెప్పలేదు. ఈ మాట నిలదీసి అడిగే హక్కు మీకుంది. కానీ అడగాలంటే జూన్‌లో ఆ పిల్ల ఎక్కడుందో మీ దగ్గర రాసి ఉండాలి. అదే మన బళ్లలో ఉండదు. ఫార్మేటివ్ (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), సమ్మేటివ్ (చివర్లో పెట్టే పెద్ద పరీక్షలు) మార్కులు ఉంటాయి, అవి తరగతి పాఠం మీద మార్కులు. పిల్ల ఏ మెట్టు మీద నిలబడి ఉందో అవి చెప్పవు.

అడిగేముందు వాళ్ల కష్టమూ లెక్కలోకి తీసుకోండి. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు దాకా నాలుగేసి, మొత్తం 18. ఇద్దరు చెప్పాలి. అందులో ఒకరికి ట్రైనింగ్ పడితే, మండల మీటింగ్ పడితే, సెలవు పెడితే ఆ రోజు అది ఏకోపాధ్యాయ పాఠశాలే. 60 మంది దాకా చట్టం ప్రకారం ఇద్దరే, మూడో టీచరును అడగలేరు. కానీ ఏడాదిలో ఎన్ని రోజులు ఒక్కరే ఉన్నారో టీచర్ల హాజరు పట్టీలో లెక్కపెట్టి, ఆ సంఖ్యను కమిటీ తీర్మానంలో రాసి ఎంఈవోకు ఇవ్వండి. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, "మా బళ్లో చదువు లేదు" అనే అర్జీలు ఫైల్లోకి వెళ్తాయి. "ఇన్ని రోజులు ఒక్కరే ఉన్నారు" అని తేదీలతో వచ్చిన కాగితానికి జవాబు రాయక తప్పదు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. శాతాలు పక్కన పెట్టి తొమ్మిది పేర్లు రాయండి. హెచ్ఎం గారితో కలిసి, టీచర్లను తప్పు పట్టడానికి కాదని ముందే చెప్పి, ఒక్కో పిల్లను విడిగా వరండాలో కూర్చోబెట్టి చదివించండి. అందరి ముందూ వద్దు.

చదివించేటప్పుడు ఒకటి గమనించండి. ఒక బళ్లో ఒక పిల్లవాడు మొదటి పాఠం గడగడా చదివేశాడు. టీచరు ముఖం వెలిగిపోయింది. నేను వాడి వేలు చూశాను. నోరు మూడో వరసలో ఉంది, వేలు ఇంకా మొదటి వరసలోనే ఉంది. పుస్తకం తీసుకుని వెనక పేజీ తెరిచి ఇచ్చాను. ఒక్క మాట రాలేదు. పాఠమంతా విని విని కంఠతా పట్టాడు, అంత జ్ఞాపకశక్తి ఉన్న పిల్లవాడు! వాడికి గుణింతాల దగ్గర ఎవరైనా పక్కన కూర్చుంటే రెండు నెలల పని. అందుకే పాఠ్యపుస్తకం ఇవ్వకండి. వాళ్లు ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇవ్వండి. అక్షరాల దగ్గర ఆగిందా, రెండక్షరాల మాటల దగ్గరా, ఒత్తుల దగ్గరా, చిన్న వాక్యం దగ్గరా, అది పేరు పక్కన రాయండి. మన భాషలో ఎక్కువమంది ఆగిపోయేది ఒత్తుల దగ్గర.

లెక్కలకు 41లోంచి 27 తీసేయమనండి. చాలామంది 26 అని వేస్తారు. అజాగ్రత్త అనుకోకండి. ఒకట్ల స్థానంలో 1లోంచి 7 పోదు కదా, అందుకని 7లోంచి 1 తీసేసి 6 వేస్తారు, 4లోంచి 2 తీస్తే 2. పిల్లలు తమకు తాము కనిపెట్టుకున్న పద్ధతి అది. అలా 26 వేసిన ఒక పిల్లవాణ్ణి నేనడిగాను, నీ దగ్గర 41 రూపాయలుంటే 27 రూపాయల నూనె కొన్నావు, ఎంత మిగిలింది అని. ఆకాశం వంక చూసి "పద్నాలుగు" అన్నాడు. మిరప కోతల దగ్గర అమ్మకు కూలి లెక్క చూసేది వాడే. వాడికి తీసివేత వచ్చు, కాగితం మీద అప్పు తెచ్చుకోవడం రాదు. ఈ రెండిటికీ తేడా తెలియకపోతే వాణ్ణి మొద్దు అంటాం.

పేరు, మెట్టు, ఆపైన ఇందాక చెప్పిన నాలుగు సంగతులు. తొమ్మిది వరసల పట్టిక ఒక్క పేజీలో పడుతుంది. మళ్లీ సుగ్గికి పోకముందు ఒకసారి, ఉగాది తర్వాత ఒకసారి ఇదే చేయండి. పిల్ల కదిలిందా లేదా అన్నదే చూడండి. చిన్న బడికి ఉన్న పెద్ద వరం ఇదే. 400 మంది ఉన్న చోట ఇది ఎవరి వల్లా కాదు, 41 మందిని ఇద్దరు టీచర్లు మూడు రోజుల్లో చూసేయగలరు. అలాగే రోజుకు ఒక గంట 3, 4, 5 తరగతులవాళ్లను తరగతి చూడకుండా మెట్టు చూసి కూర్చోబెట్టమని అడగండి. ఎలాగూ మూడు తరగతులూ ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి కొత్తగా ఏమీ అక్కర్లేదు.

సుగ్గి గురించి దసరా లోపే కదలాలి. వలస పోయేవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ విద్యా పథకం కింద సీజనల్ హాస్టళ్లు, అంటే వలస నెలల్లో మాత్రమే నడిచే హాస్టళ్లు, పెడతారు. అవ్వా తాతల దగ్గర పగలు బాగానే ఉండే పిల్లలకు రాత్రి తిండి, పడక దొరికితే తల్లి వదిలి వెళ్లడానికి ఒప్పుకుంటుంది. ఎంతమంది పిల్లలు, ఎవరి ఇంట్లో పెద్దవాళ్లు ఉండిపోతున్నారు అనే జాబితాతో తీర్మానం పంపండి. లారీలు వెళ్లాక పంపితే ఎవరి కోసం తెరవాలి? వెంట తీసుకుపోక తప్పదన్న తల్లులకు ఒక మాట చెప్పండి. అక్కడి ఊరి బడిలో చేర్చుకోమని అడగొచ్చు, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షనే చెబుతోంది. పిల్ల వివరాలున్న కాగితం ఒకటి హెచ్ఎం సంతకంతో మూటలో పెట్టి పంపండి. మా మండలంలో అలా పంపినవాళ్లందరూ చేరలేదు, కానీ చేరిన పిల్లలు ఉగాదికి తిరిగొచ్చి తరగతిలో కూర్చున్నప్పుడు బిత్తరపోలేదు.

మీ పాప సంగతి. మీరు సుగ్గికి పోరు, మీకు చదువు వచ్చు, సాయంత్రం పక్కన కూర్చోగలరు. ఇంట్లోనే ఇంత అండ ఉన్న పిల్లకు ఊరి బడిలో చదువు రాకుండా పోవడం నేను అరుదుగా చూశాను. మూడో తరగతి అంకె చూసి మార్చొద్దు. పాపను ఇవాళ చదివించి మెట్టు రాసుకోండి, నాలుగు నెలలకు మళ్లీ చూడండి. రోజూ వెళ్లినా కదలకపోతే టీచర్లతో మాట్లాడండి, అప్పటికీ కదలకపోతే మార్చండి, మార్చినందుకు బాధపడకండి. బిడ్డ చదువును ఊరి కోసం పణంగా పెట్టమని నేను ఎవరికీ చెప్పను. కానీ మీలాంటి తల్లి పిల్ల ఆ బళ్లో ఉన్నన్నాళ్లూ, మిగతా నలభై మంది తరఫున అడిగేవాళ్లు ఒకరు ఉంటారు, అదీ నిజం.

ఆ తొమ్మిది వరసల పట్టిక తయారయ్యాక పిల్లల పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. ఏ పిల్లతో ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్కో వరసా కలిసి చూద్దాం.